మన ఎండకు తగిన ఇల్లు, ఇంటికి తగిన తోట

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిన మాట అందరము ఎఱిగినదే. ఆ మాటకు మేము మరియొక మాట చేర్పదలచినాము. కట్టిన ఇంటిలో మే నెల మధ్యాహ్నము రెండు గంటలకు కూర్చుండి చూడు. మరల రాత్రి పది గంటలకు పండుకొని చూడు. ఖమ్మము మొదలు భద్రాచలము అడవుల అంచు వరకు గల ప్రాంతమున వేసవి ముదిరిన దినములలో నీడలోని వేడిమియే 45 డిగ్రీలను తాకుచుండును. ఆ దినములలో ఇల్లు మనకు రక్షణ యగుచున్నదా, లేక పగలు మ్రింగిన యెండను రాత్రి మన మీద క్రక్కుచున్నదా అనునదే ఇంటికి అసలైన పరీక్ష.

ఇది సుఖమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు రెంటను కలిపి రెండువేల మందికి పైగా మరణించిరి. వడదెబ్బ యనగానే మనకు పొలములో, దారిలో ఎండకు నిలిచినవారే జ్ఞప్తికి వత్తురు. కాని పగటి వేడిమికి అలసిన దేహము రాత్రియైనను చల్లబడవలెను. ఆ విశ్రాంతి దొరకనిచో మరునాటి యెండను తట్టుకొను శక్తి తగ్గిపోవును. ముసలివారును, పసిపిల్లలును, బాలింతలును పగలును రాత్రియు ఇంటిలోనే యుందురు. వారికి వాతావరణ మనగా ఆ గదియే.

ఈ విషయమై మేము చెప్పదలచినది ఒక్కటే. తోట యనునది ఇల్లు పూర్తియైన పిమ్మట మిగిలిన జాగాలో పెట్టుకొను అలంకారము కాదు. మన యెండలో తోట ఇంటికి వెలుపలి గోడ. పందిరి ఇంటికి రెండవ కప్పు. ఇంటిని, తోటను ఒకే కాగితము మీద, ఒకే దినమున గీయవలెను.

నేలకొండపల్లినే ఉదాహరణముగ తీసికొందము. ఖమ్మము జిల్లాలోని ఈ ఊరు భక్త రామదాసుగ ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్నకు జన్మస్థలము. ఊరి చెంతనే ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపమును, విహారముల పునాదులును, మట్టికోట ఆనవాళ్ళును కలవు. విరాటరాజు ఏలిన పట్టణ మిదియేయని జనశ్రుతి. జనశ్రుతి మాట యెట్లున్నను, ఇచ్చటి మట్టిని కాల్చి ఇటుక చేయుటయు, పచ్చిమట్టితో మందమైన గోడ లేపుటయు ఈ నేలకు వేయి సంవత్సరములకు పైబడి తెలిసిన విద్యలని ఆ శిథిలములే చెప్పుచున్నవి.

ఆ విద్యయే మన పాత ఇండ్లలో నిలిచినది. మూరెడు మందపు మట్టిగోడ, పెంకుల కప్పు, వీధి వైపున అరుగు, నడుమ ఆకాశము కనబడు మండువా, వెనుక పెరడు, పెరటిలో బావి, బావినీరు పారుచోట అరటిచెట్లు: ఇది కలిగినవారి ఇల్లు. అడవి అంచున కోయల ఇల్లు వేరు. కఱ్ఱలను, వెదురును అల్లి మట్టి మెత్తిన గోడలు, గడ్డితోనో తాటాకుతోనో నేసిన కప్పు, వంగి లోనికి పోవలసినంత క్రిందికి దిగిన చూరు. రెండు ఇండ్లకును ధనములో పోలిక లేదు. కాని రెండును ఒక్క సూత్రమునే పాటించినవి: ఎండ గోడను తాకకముందే దానిని ఆపవలెను.

అయినను పాత ఇంటిని గూర్చి పాటలు పాడుట మా యుద్దేశము కాదు. ఆ ఇండ్లలో వెలుతురు తక్కువ. దూలములకు చెదలు పట్టును. ఏటేట పెంకు తిరుగవేయింపవలెను. ఇప్పుడు కోతులు ఊళ్ళ మీద పడి పెంకులను పగులగొట్టుచుండగా ఎంతకాలమని సవరించుకొనగలరు? అందుచేత జనులు కాంక్రీటు కప్పునకు మరలిరి. అది న్యాయమే. చిక్కెక్కడ వచ్చినదనగా, కప్పుతోబాటు అరుగును పోయినది, మండువాయు పోయినది, పెరటిచెట్టును పోయినది. ప్రహరీ నుండి ప్రహరీ వరకు సిమెంటు పరచి, నాలుగంగుళముల కాంక్రీటు పలకను ఎండకు ఒడ్డి, పడమటి గోడకు పెద్ద గాజు కిటికీ పెట్టి, ఆ మీదట చల్లదనమును అంగడిలో కొనుచున్నారు.

వేడిమి ఇంటిలోనికి ఎట్లు వచ్చునో కొంచెము తెలిసికొందము. నడివేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు మన నెత్తి మీదనే యుండును గనుక, ఇంటి మీద పడు ఎండలో పెద్దపాలు కప్పునకే తగులును. పలుచని కాంక్రీటు పలక గుండ ఆ వేడిమి సుమారు మూడు గంటలలో లోపలికి దిగును. అందుచేతనే రెండు గంటల ఎండ అయిదు గంటలకు మన తల మీద కాగుచుండును. తొమ్మిదంగుళముల ఇటుకగోడ గుండ దిగుటకు ఆరేడు గంటలు పట్టును. మందమైన మట్టిగోడ గుండ ఇంకను ఆలస్యమగును. అనగా మందపు గోడ పగటి వేడిమిని రాత్రికి వాయిదా వేయును. ఆ వేళకు బయటి గాలి చల్లబడి యుండును గనుక, తలుపులు తెరచినచో గోడ తన వేడిమిని ఆ గాలికి అప్పగించును.

కాని ఈ ఉపాయము సంవత్సరమంతయు సాగదు. మన ప్రాంతమునకు రెండు వేడి ఋతువులున్నవి. మార్చి నుండి జూను ఆరంభము వరకు పొడియెండ. పగలు వడగాడ్పు, రాత్రి కొంత చల్లదనము. అప్పుడు పగలు తలుపులు మూసి, రాత్రి తెరచుట మంచిది. వానలు పట్టిన తరువాత జూలై మొదలు సెప్టెంబరు వరకు ఉక్క. అప్పుడు పగటికిని రాత్రికిని భేదము తక్కువ, గాలిలో తడి యెక్కువ, చెమట ఆరదు. అప్పుడు గోడ మందము మనకు సాయపడదు. ఒక వైపు దూరి మరియొక వైపు వెడలు గాలియే సాయపడును. నీటిచాప కూలరు మే నెలలో చల్లగా నుండి ఆగస్టులో పనిచేయకపోవుటకును కారణ మిదియే. మంచి ఇల్లు ఈ రెండు ఋతువులకును సమాధానము చెప్పవలెను. గోడ ఒక ఋతువునకు, కిటికీ మరియొక ఋతువునకు పనికివచ్చును. తోట రెండింటికిని పనికివచ్చును.

ఇక దిక్కుల మాట. నేలకొండపల్లి సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశము మీద నున్నది. మే 9వ తేదీ ప్రాంతమునను, మరల ఆగస్టు మొదటి వారమునను మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వచ్చును. నడుమ దినములలో కొంచెము ఉత్తరమునకే వాలియుండును. డిసెంబరులో దక్షిణమున దిగి, క్షితిజమునకు 50 డిగ్రీల ఎత్తున మాత్రమే నిలుచును. దీనివలన మనకొక సౌకర్యము కలదు. దక్షిణపు కిటికీ పైన రెండడుగుల సజ్జ వేసినచో మార్చి నెలాఖరున మధ్యాహ్నవేళ దాని నీడ ఆరడుగులకు పైగా క్రిందికి దిగి కిటికీని పూర్తిగ కప్పును. డిసెంబరులో ఆ నీడ రెండడుగులకు మించి స్వల్పమే. అందుచే శీతకాలపు ఎండ గదిలోనికి వచ్చును. ఉత్తరమున చిన్న సజ్జ చాలును.

పడమటి వైపున ఈ లెక్క పనిచేయదు. మే నెలలో సాయంకాలము నాలుగు గంటలకు సూర్యుడు క్రిందికి దిగియుండగా, అదే రెండడుగుల సజ్జ ఒకటిన్నర అడుగు నీడనైన నీయదు. పడమటి ఎండను సజ్జ ఆపలేదు, చెట్టు ఆపగలదు. అందుచేత ఇల్లు తూర్పు పడమరలుగ పొడవై, దాని పొడుగు గోడలు ఉత్తర దక్షిణములకు తిరిగియుండవలెను. పడమటి కొసన మెట్లు, సామానుల గది, స్నానపు గది ఉంచి, వాని వెలుపల చెట్లు నిలుపవలెను. దక్షిణ పశ్చిమములందు ఎత్తైన వృక్షములును, ఈశాన్యమున ఖాళీయు ఉండవలెనను వాస్తు నియమమును పాటించువారికి ఈ ఏర్పాటు విరుద్ధము కాదు.

ఒక చిన్న నమూనాను చెప్పెదము. తూర్పున దారిగల 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు స్థల మున్నదనుకొందము. అందు 24 అడుగుల వెడల్పు, 38 అడుగుల పొడవుగల ఇల్లు. ఉత్తరమున 4 అడుగులు, దక్షిణమున 12 అడుగులు, తూర్పున 7 అడుగులు, పడమట 15 అడుగులు విడిచినాము. దక్షిణపు గోడ నడుమ 10 అడుగుల చదరము ఇంటిలోనికి చొచ్చుకొని పోవును. ఇదియే నేటి మండువా. మూడు వైపుల గదులు, నాలుగవ వైపు తోట. రెండు చేతుల వ్రేళ్ళు ఒకదానిలో నొకటి దూర్చినట్లు ఇల్లు తోటలోనికిని, తోట ఇంటిలోనికిని చేరును. ప్రతి గదికిని రెండు వైపుల కిటికీలు వచ్చును. ఒకటి నీడగల మండువా వైపు, మరియొకటి వెలుపలికి. ఉక్క దినములలో గాలి ఆడుటకు ఇంతకంటె చవుకైన ఉపాయము లేదు. కిటికీలపైన, కప్పు దగ్గర, మూయను తెరువను వీలగు గవాక్షము లుంచినచో పైకెక్కిన వేడిగాలి రాత్రి అటుగ వెడలిపోవును.

ఇప్పుడు చెట్ల మాట. ఆకు నుండి నీరు ఆవిరియగుచుండుటచే చెట్టు చుట్టునున్న గాలి చల్లబడును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు పట్టు వేడిమి, కరెంటు లెక్కలో, యూనిట్టులో మూడింట రెండు వంతులు. దినమునకు పదుల లీటర్లు ఆవిరిచేయు చెట్టు ఇంటి ముంగిట నిలిచి చేయుచున్న పనిని దీనినిబట్టి గ్రహింపవచ్చును. సిమెంటు నేల ఈ పని చేయదు. పైగా ఎండను గోడ మీదికి, కిటికీ మీదికి తిప్పికొట్టును.

అయితే ఏ చెట్టైనను చాలునని తలపరాదు. అడవి అంచువారికి టేకు మీద మక్కువ సహజము. కాని టేకు ఎండకాలమున ఆకు రాల్చి మోడై నిలుచును. నీడ కావలసిననాడు నీడ యుండదు. ఇప్పచెట్టు కూడ పూతకాలమున ఆకు రాల్చును. జామాయిలు నీడ పలుచన. కానుగయు, వేపయు అట్లు కాదు. వేసవి ముంగిట పాత ఆకు రాల్చి వెంటనే క్రొత్త చిగురు తొడిగి, ఏప్రిలు, మే నెలలకు దట్టమైన నీడ నిచ్చును. మామిడి ఏడాది పొడుగునను పచ్చగానే యుండును. పడమట రెండు కానుగలు, నైరుతి మూలన ఒక వేప, మండువాలో చిన్న నిమ్మయో కరివేపయో, స్నానపు నీరు పారుచోట అరటి: ఒక కుటుంబపు ఇంటికి ఇవి చాలును. తూర్పున గాలికి, ఉదయపు వెలుతురునకు అడ్డురాని మల్లె, మందారము వంటి పొదలు పెట్టవచ్చును. రావి, మఱ్ఱి ఇంటి దరికి రానీయరాదు. వాని వేళ్ళు పునాదిని చీల్చును. నల్లరేగడి నేల తడికి ఉబ్బి ఎండకు కుంగును. అందు పెద్దచెట్టు పునాది క్రింది తడిని పీల్చినచో గోడలు బీటలిచ్చును. అట్టిచోట చెట్టును ఇంకను దూరముగ నిలిపి, గోడ దగ్గర పందిరికే తీగలను ప్రాకింపవలెను. చల్క నేలలో ఈ భయము తక్కువ.

తోటను కట్టడమును ఒకటిగ భావించిన ఆధునిక గృహములలో మిక్కిలి పేరుగన్న దొకటి మన గోల్కొండ పేరనే వెలసియున్నది. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమమువారి అతిథిగృహమే అది. హైదరాబాదు సంస్థానపు ప్రధానిగ నుండిన సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చిన విరాళముతో ఆ పని సాగినది. ఆ కృతజ్ఞతచేతనే ఆ పేరు పెట్టిరి. ఆంటొనిన్ రేమండ్ అను శిల్పి దానికి రూపకల్పన చేయగా, 1930ల చివర కట్టడము మొదలై 1940లలో పూర్తియైనది. అది రాజభవనము కాదు, కాంక్రీటు కట్టడమే. కాని పొడుగు ముఖములు ఉత్తర దక్షిణములకు తిరిగియున్నవి. గోడలకు బదులు పైనుండి క్రిందివరకు తిరుగు పలకల వరుసలు. వానను ఆపుచు గాలిని రానిచ్చును. కప్పు మీద మరియొక వంపు పెంకుల కప్పు; రెంటి నడుమ గాలి. రెండు వైపుల తోటలు. కాంక్రీటు దోషి కాదనియు, దానిని ఎండలో ఒంటరిగ నిలుపుటయే దోషమనియు ఆ ఇల్లు చూపుచున్నది.

అంతటి పనితనము మన పల్లెలో ఎట్లు సాధ్యమని అడుగవచ్చును. సూత్రము మాత్రము సాధ్యమే. కేరళలో పెక్కు ఇండ్లు కట్టిన లారీ బేకర్ (1917-2007) ఆ సూత్రమును పేదవాని ఖర్చులోనికి దించెను. ఇటుకలను అంచు మీద నిలువబెట్టి నడుమ ఖాళీలు విడుచు కట్టుబడిని ఆయన ప్రచారము చేసెను. దీనిచే ఇటుకలో సుమారు నాలుగవ వంతు మిగులును. ఆ ఖాళీలలోని గాలి వేడిమిని అడ్డగించును. కప్పు కాంక్రీటులో అడుగుభాగమున పాత పెంకులను పొదిగి సిమెంటు తగ్గించు పద్ధతియు ఆయన వాడినదే. ఖమ్మము సీమలో కూలిన ఇండ్ల పెంకులు గుట్టలుగ పడియున్నవి. కోతులకు అందని చోటున, కాంక్రీటు కడుపులో, అవి మరల ఇంటికి పనికివచ్చును.

కప్పు పైభాగమునకు రెండు పనులు చేయవలెను. మొదటిది తెలుపు. క్రొత్తగ వేసిన తెల్లసున్నము తన మీద పడిన ఎండలో చాలభాగమును తిప్పి పంపును. మాసిన కాంక్రీటు చాలభాగమును మ్రింగును. ఏటేట మార్చి నెలకు ముందు సున్నము వేయుట పెద్ద ఖర్చు కాదు. ఈ సంగతిని గుర్తించియే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకై ప్రత్యేక విధానమును ప్రకటించినది. రెండవది నీడ. కప్పుకు ఏడెనిమిదడుగుల ఎత్తున వెదురు పందిరి వేసి, సొర, బీర, చిక్కుడు తీగలను ప్రాకించినచో ఎండ కప్పును తాకదు, కూరయు దొరకును. తీగ ఎండిన నెలలలో తాటాకు పరచవచ్చును.

నీటి మాటయు చూడవలెను. చెట్లు పెంచుటకు నీరెక్కడిదని ప్రశ్న. మన ప్రాంతమున సాలుకు సుమారు ఒక మీటరు వాన కురియును. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడు నీరు తొంబదివేల లీటర్లకు పైమాటే. కొంత ఆవిరికిని, చిందుటకును పోయినను డెబ్బదివేల లీటర్లు మిగులును. దానిని మురుగు కాలువలోనికి వదలక, తోటలో ఇంకుడు గుంతకు మరల్చినచో చెట్ల వేళ్ళకును, బావికిని అందును. స్నానపు నీటిని అరటి పాదులకు పెట్టవచ్చును.

తోటతో వచ్చు ఇబ్బందులను దాచుట న్యాయము కాదు. నీరు నిలిచినచోట దోమ పుట్టును. పొద మురిసినచోట పాము చేరును. అందుచేత తొట్లలో, కొబ్బరిచిప్పలలో నీరు నిలువనీయరాదు. కిటికీలకు దోమతెర లుండవలెను. గోడను ఆనుకొని రెండడుగుల మేర పొదలు లేక ఇసుకయో బండలో పరచి శుభ్రముగ నుంచవలెను. ఆకు రాలునని చెట్టు కొట్టువారికి మేము చెప్పునది: ఊడ్చుటకు దినమునకు పావుగంట పట్టును, ఆ చెట్టు లేని ఇంటిలో రాత్రి నిద్ర పట్టకుండుటకు ఎంతకాల మైనను పట్టును.

ఇదివరకే ఇల్లు కట్టుకొన్నవారు తమకిది పనికిరాదని నిరాశ చెందనక్కరలేదు. వారు చేయదగిన వరుస యిది. మొదట కప్పునకు సున్నము. తరువాత పడమటి గోడకు ఎదురుగ సిమెంటు నేలను నాలుగడుగుల మేర పగులగొట్టి మట్టి బయలుపరచి, పందిరిగుంజలు నాటి తీగ పెట్టుట. ఆ సంవత్సరమే నీడ వచ్చును. పిమ్మట స్థలమున్నచో ఒక కానుగ మొక్క. నాలుగైదేండ్లకు అది నీడనిచ్చు చెట్టగును. పగలు ఎనిమిది తొమ్మిది గంటలకు పడమటి, దక్షిణపు తలుపులు మూసి, బయట చల్లబడిన పిదప తెరచు అలవాటునకు ఖర్చే లేదు.

క్రొత్తగ కట్టదలచినవారికి కాలము కలిసివచ్చును. స్థలము కొన్న వెంటనే ఇల్లు కట్టలేనివారు మనలో పెక్కుమంది. రెండు మూడేండ్లు ఖాళీగ నుండు ఆ జాగాలో పునాదిగీత ఎక్కడ వచ్చునో ముందే ముగ్గుతో గీసి, తొలకరి వానకు పడమట కానుగలు నాటవలెను. మేస్త్రీ వచ్చునాటికి చెట్టు తలయెత్తును. పని చేయు కూలీలకు మొదటి నీడ అదియే యగును. గృహప్రవేశమునాటికి గోడలు క్రొత్తవైనను, నీడ మాత్రము పాతదై యుండును.